గింగో వృక్షము: విత్తనమును గొమ్మయు



మన తాటితోపులలోఁ బోతుతాడు వేఱు, పెంటితాడు వేఱు. పూఁత పూచుదాఁక నేది యేదియో నిశ్చయించుట కృషీవలునకుఁ గష్టము. చీనాదేశమునఁ బుట్టి, జపాను దేవాలయ ప్రాంగణములందుఁ బూజ్యమైన గింగో వృక్షమునకును నిదియే ప్రకృతి. విత్తనమునుండి మొలచిన చెట్టు ఇరువది ముప్పది యేండ్లకుఁ గాని పూయదు. అందాఁక దాని లింగము తెలియరాదు. కొమ్మ నాటినచో నా సందేహము లేదు. తల్లిచెట్టెట్టిదో పిల్లయు నట్టిదే.

ఈ భేదము ఐరోపాఖండమున నొక విచిత్రమునకుఁ గారణమయ్యెను. కెంఫరను జర్మను వైద్యుఁడు 1690 మొదలు 1692 వఱకు జపానులో నుండి యీ వృక్షమును జూచి, 1712లో నొక గ్రంథమున వర్ణించెను. 1771లో లిన్నేయసు దీనికి గింగో బైలోబా యని పేరిడెను. ఆకు నడుమఁ జీలి రెండు తమ్మెలుగా నుండుటయే యందులకు హేతువు. 1762లో లండను చెంతఁ గ్యూ తోఁటయందు నాటఁబడినది పురుషవృక్షము. స్త్రీవృక్షము జెనీవా సమీపమున బూర్దిన్యీలో 1814లోఁ గాని గుర్తింపఁబడలేదు. పిదప దాని కొమ్మలను దెచ్చి పురుషవృక్షములకు అంటుగట్టిరి. ఒక్క మ్రానుననే యిరుదెఱఁగుల కొమ్మలు!

జపానువారు మహావృక్షములను జిన్న తొట్లలోఁ బొట్టిగాఁ బెంచు విద్యను బోన్సాయి యందురు. అందులకు గింగోను రెండు విధములఁ బెంచుదురు. శరత్తునఁ బండు రాలును. దాని గుజ్జు చెడిన వెన్నవలెఁ గంపుగొట్టును, తాఁకినచో దురదపుట్టును. కావునఁ జేతితొడుగులతో దానిని దీసివైచి, గింజలను దడియిసుకలో రెండు నెలలు చలికి నుంచి, వసంతమున విత్తుదురు. కొమ్మలైనచో, వేసవి మొదట ఆ యేఁటి చిగురు కొంత ముదిరిన పిమ్మటఁ గోసి, యిసుకలో నాటి నీడ పట్టుదురు.

ముదిమ్రానులనుండి పొదుగులవలె వ్రేలాడు బొడిపెలను "చిచి" యందురు, స్తనమని యర్థము. పాలు లేని తల్లు లట్టి చెట్లకు మ్రొక్కుకొనెడివారు. మన రావిచెట్టు ప్రదక్షిణములు జ్ఞప్తికి వచ్చుచున్నవి గదా! చిచిగల జాతిని బోన్సాయికై కొమ్మలచేతనే వృద్ధిచేయుదురు; విత్తనమున నా గుణము దిగునని నమ్మరాదు. గింగోకుఁ జేసిన కోఁత త్వరగా మానదు గనుక మితముగాఁ గత్తిరించి, దీపశిఖవలె నిలువుగాఁ బెరుగనిత్తురు.

అయినను నా మతమున విత్తనమునకే గౌరవ మధికము. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపైఁ బడిన అణుబాంబునకు మాఁడిపోయిన గింగోలు కొన్ని మరల చిగిర్చెను. బ్రదికి బయటపడిన చెట్ల విత్తనములను, మొలకలను 2011 నుండి యొక స్వచ్ఛందసంస్థ పెక్కుదేశములకుఁ బంపుచున్నది. ఆ గింగో గింజలను నాటినవారు, మొలచినది పోతో పెంటియో యెఱుఁగుటకు ఇంకను జాలయేండ్లు వేచియుండవలెను.