కరెంటు డబ్బాకి ఇంట్లో చోటెక్కడ?

కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు దేవుడి గూడు, పొయ్యి గట్టు, తులసికోట ఎక్కడుండాలో ముందే అనుకుంటాం. బీరువా ఏ మూలకి రావాలో ముగ్గు పోసినప్పుడే చెప్పేస్తాం. ఎంసీబీలుండే డీబీ బాక్సు మాత్రం ఎలక్ట్రీషియన్ గోడ కొట్టడానికి వచ్చిన రోజే గుర్తొస్తుంది. "తలుపు వెనక పెట్టేస్తాలేమ్మా, కనపడకుండా ఉంటుంది" అంటాడు. మనమూ సరేనంటాం. ఆ డబ్బా మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో తెలిస్తే అంత తేలిగ్గా సరేననలేం.

కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో చాలా దేశాల్లో స్విచ్‌బోర్డులను పలకరాయి మీదో పాలరాయి మీదో బిగించేవాళ్లు. రాయి కాలదు, కరెంటును పోనివ్వదు. మన మార్కాపురంలో బడిపిల్లల పలకలు చేసిన రాయి జాతే అది. ఆ బోర్డుల మీద రాగి ముక్కలు బయటికే కనిపించేవి. అందుకే చేయి తగలనంత దూరంలో పెట్టేవాళ్లు.

మన వైపు కరెంటు పల్లెలకు పాకింది తర్వాతి కాలంలో. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1969లో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టింది. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలోదే, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక మూడూ ఒకే జిల్లా అయ్యాయి. ఆనాటి మట్టి మిద్దెల్లో, పెంకుటిళ్లలో వసారా గోడకి ఒక చెక్క బోర్డు, దాని మీద మీటరు, మెయిను, పింగాణీ ఫ్యూజులు ఉండేవి. మీటరు చూసే మనిషి లోపలికి రానక్కర్లేదు, పిల్లలకి అందదు. ఆ లెక్కన అది మంచి చోటే. కానీ ఫ్యూజు పోతే స్టూలెక్కి తీగ కట్టాలి. అది మగవాళ్ల పని అనే పేరు పడిపోయింది. పొద్దున పోతే, ఆయన పొలం నుంచి వచ్చేదాకా చీకటే. మాటిమాటికి పోకుండా రెండు మూడు రాగి పోగులు మెలేసి కట్టేవాళ్లూ ఉన్నారు. అప్పుడు కాలాల్సిన ఫ్యూజు కాలదు, గోడ మీది వైరు కాలుతుంది.

ఈ బాధ తీర్చిన బ్రేకరు 1920ల్లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ సంస్థలో పుట్టింది. అందులో రెండు లోహాలు అతికించిన రేకు ఒకటి ఉంటుంది. లోడు ఎక్కువైతే అది వేడెక్కి వంగి మీటను పడేస్తుంది. షార్ట్ అయితే పక్కనున్న అయస్కాంతం క్షణంలో పడేస్తుంది. మళ్లీ పైకి ఎత్తడానికి తీగ అక్కర్లేదు, స్టూలు అక్కర్లేదు. అంటే ఆ పని ఇంట్లో ఉన్న ఆడవాళ్ల చేతికి వచ్చింది. సరిగ్గా అప్పుడే డబ్బా గోడలోకి దూరి, తలుపుల వెనక్కీ కేలండర్ల వెనక్కీ పోయింది!

నిబంధనలు ఏమంటున్నాయో చూడండి. 1970లో మొదటిసారి వచ్చి, 2016లో కొత్తగా సవరించిన మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఫ్యూజులుండే బోర్డు నేల నుంచి 2 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు, చేతికి అందాలి. స్విచ్‌బోర్డు ముందు 1 మీటరు ఖాళీ ఉండాలి. గ్యాస్ పొయ్యి మీదా, సింకు మీదా పెట్టకూడదు. వంటగదిలో, స్నానాల గదిలో, మరుగుదొడ్డిలో అసలు వద్దు. అమెరికాలో ఉన్న మన పిల్లలదీ ఇదే కథ. అక్కడి కోడు డబ్బా ముందు 36 అంగుళాల ఖాళీ, 30 అంగుళాల వెడల్పు అడుగుతుంది. బట్టల అల్మరాలోనూ బాత్‌రూములోనూ పెట్టనివ్వదు.

"చెప్పడానికేం, మా ఇల్లే సెంటు స్థలంలో ఉంది" అంటారా? నిజమే. సెంటంటే 48.4 గజాలు. పైగా వాస్తు ప్రకారం కరెంటు ఆగ్నేయంలో ఉండాలంటారు, వంటగదీ అక్కడే. అలాంటప్పుడు డబ్బాని వంటగది లోపల కాకుండా, అదే గోడకి హాలు వైపు పెట్టించుకోవచ్చు. వాస్తూ నిలుస్తుంది, ఆవిరీ తగలదు. వీధి తలుపు పక్క గోడ ఇంకా మంచిది. తలుపు తెరిస్తే మూసుకుపోయే వైపు మాత్రం వద్దు. మెట్ల కింద పెడితే అక్కడ పాత పేపర్లు, బియ్యం మూటలు చేరకూడదు. ఇన్వర్టరు బ్యాటరీ డబ్బా కిందే పెడితే దాని ఆవిర్లు లోపలి లోహాన్ని తినేస్తాయి.

మన ఎండల సంగతీ మరవకూడదు. ఎంసీబీని సాధారణంగా 30 డిగ్రీల వేడికి లెక్కగట్టి చేస్తారు. కనిగిరిలో మే నెలలో పడమటి గోడ ఎలా కాలుతుందో మనకి తెలుసు. ఆ గోడలో బిగిస్తే లోపలి రేకు ముందే వేడెక్కి, ఏసీ వేసిన కాసేపటికే పడిపోవచ్చు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఒక మధ్యాహ్నం పిల్లాడు కూలరు పట్టుకుని వదల్లేకపోతే ఇంట్లో ఉండేది మనమే. వాణ్ని తాకకుండా ముందు మెయిను దించాలి. ఆ నాలుగు అడుగుల్లో బీరువా అడ్డుండకూడదు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉంటే, కరెంటు ఒంట్లోంచి నేలకి పోతున్నప్పుడు అదే పడిపోతుంది. ఎంసీబీ ఆ పని చేయదు, రెండూ కావాలి.

ఈసారి గోడ కొట్టడానికి వచ్చినప్పుడు మీరే గోడ దగ్గర నిలబడి చేయి చాపండి. హాయిగా అందిన చోట సుద్దముక్కతో గీత గీసి, "ఇక్కడ పెట్టు నాయనా" అనండి. ఏ మీట ఏ గదిదో తెలుగులో రాయించండి. ఎత్తిన మీట మళ్లీ వెంటనే పడితే మాత్రం బలవంతం చేయకుండా మనిషిని పిలవండి.