టవర్ లేని విమానాశ్రయాలు: 'చూసి తప్పుకో' నియమం చరిత్ర

విమానాశ్రయం అనగానే మనకు కంట్రోల్ టవర్ గుర్తుకొస్తుంది. కానీ అమెరికాలో ప్రజల వాడకానికి ఉన్న సుమారు 5,000 విమానాశ్రయాల్లో టవర్ ఉన్నవి 500కు అటూ ఇటూ మాత్రమే. మిగిలిన చోట్ల ఎవరు ముందు దిగాలో, ఎవరు ఆగాలో చెప్పే అధికారి ఉండడు. పైలట్లే ఒకరినొకరు చూసుకుని తప్పుకోవాలి. ఈ పద్ధతి ఎలా రూపుదిద్దుకుందో, ఎక్కడ దెబ్బతిన్నదో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఎదురెదురుగా వచ్చే విమానాలు రెండూ కుడివైపుకు తిరగాలన్న నియమం 1919 నాటి పారిస్ ఒప్పందంలోనే ఉంది. అయినా 1922 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్స్‌లోని పికార్డీలో, లండన్-పారిస్ మార్గంలో ఎదురెదురుగా వస్తున్న రెండు ప్రయాణిక విమానాలు ఢీకొని ఏడుగురు మరణించారు. ఇద్దరు పైలట్లూ కింద కనిపించే ఒకే రోడ్డును ఆధారం చేసుకుని ఎగురుతున్నారు. ఆ రోజు మంచు కమ్మి ఉంది. ఎదుటివాడు కనిపించనప్పుడు కుడికి తిరగమనే నియమం ఎవరికి ఉపయోగం?

విమానాశ్రయం దగ్గర ఈ చిక్కు మరింత ఎక్కువ, ఎందుకంటే అన్ని దిక్కుల నుంచీ వచ్చే విమానాలు అక్కడ ఒకే రన్‌వే మీదికి చేరతాయి. అందుకే రన్‌వే పక్కన దీర్ఘచతురస్రాకారపు దారిలో తిరిగి దిగడం ఆచారమైంది. వేరే సూచన లేకుంటే మలుపులన్నీ ఎడమవైపుకే. పైలట్ కూర్చునేది ఎడమ సీట్లో కనుక రన్‌వే అతనికి కనిపిస్తూ ఉంటుంది. రేడియోలు చిన్న విమానాల్లోకి వచ్చాక, ఒకే ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో తాము ఎక్కడున్నదీ, ఏం చేయబోతున్నదీ చెప్పుకోవడం మొదలైంది.

మాట తోడైనంత మాత్రాన కంటి పని తగ్గదని ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీలో తేలింది. 1996 నవంబర్ 19 సాయంత్రం, చీకటి పడే వేళ, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 5925 ఒక రన్‌వే మీద దిగబోతోంది. దాన్ని అడ్డంగా ఖండించే మరో రన్‌వే మీద కింగ్ ఎయిర్ విమానం, దాని వెనుక చిన్న చెరొకీ విమానం ఉన్నాయి. మీరు ఆగుతారా, బయలుదేరుతారా అని 5925 కెప్టెన్ రేడియోలో అడిగారు. కింగ్ ఎయిర్ నుంచి జవాబు లేదు. తాను ఆగి ఉన్నానని చెప్పింది చెరొకీ పైలట్. ఆ మాటలో కొంత భాగం విమానంలోని హెచ్చరిక స్వరంలో కలిసిపోయింది. ఆ జవాబు కింగ్ ఎయిర్‌దేనని 5925 సిబ్బంది అనుకున్నారు. కింగ్ ఎయిర్ బయలుదేరింది. రెండు రన్‌వేలు కలిసేచోట విమానాలు ఢీకొన్నాయి. 5925లోని పన్నెండు మందీ ఆ దెబ్బకు చనిపోలేదు. తలుపు తెరుచుకోక, పొగకూ మంటలకూ బలయ్యారు. కింగ్ ఎయిర్‌లోని ఇద్దరితో కలిపి మృతులు 14 మంది.

కింగ్ ఎయిర్ పైలట్లు ఫ్రీక్వెన్సీని సరిగా వినకపోవడమో, చుట్టూ సరిగా చూడకపోవడమో కారణమని దర్యాప్తు తేల్చింది. చెరొకీ జవాబు సగంలో తెగడాన్ని తోడ్పడిన కారణంగా చూపింది. నా దృష్టిలో అందరూ గమనించవలసింది ఆ రెండో అంశమే. జవాబు రాకపోయి ఉంటే 5925 కెప్టెన్‌కు అనుమానం మిగిలేది. జవాబు రావడం వల్లనే ఆ అనుమానం పోయింది. (సరిగ్గా వారం ముందు మన చర్ఖీ దాద్రీలో 349 మంది మరణించారు. అక్కడ కంట్రోలర్ ఉన్నారు. కనుక కంట్రోలర్ ఉంటే చాలు అనుకోవడమూ పొరపాటే.)

కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో 2022 ఆగస్టు 18న జరిగింది ఇందుకు భిన్నం. ఒక సెస్నా 152 పద్ధతి ప్రకారం చుట్టు తిరిగి దిగుతోంది. సెస్నా 340 దూరం నుంచి తిన్నగా, మామూలు కంటే ఎక్కువ వేగంతో వచ్చింది. ఇద్దరూ రేడియోలో మాట్లాడారు. వెనుక విమానం వేగంగా వస్తోందని గ్రహించి, తాను దిగడం మానుకుంటున్నానని 152 పైలట్ చెప్పారు కూడా. అయినా గాలిలోనే ఢీకొని ముగ్గురు మరణించారు. ఢీకొనే దారిలో ఉన్న విమానం అద్దంలో పక్కకు కదలదు, ఒకేచోట చుక్కలా ఉండి చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. మన కన్ను పట్టుకునేది కదలికనే.