తప్పుల ఇంగ్లీషులో ఓ అమ్మ రాసిన ఉత్తరం

పిల్లకి స్కూల్లో సీటివ్వలేదు. అమ్మానాన్న వెళ్లి "ఎందుకివ్వరు?" అని అడగాలి. కానీ ఆఫీసు వాళ్ల భాష సరిగ్గా రాదు. అప్పుడెలా? దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

1884, శాన్‌ఫ్రాన్సిస్కో. మేమీ టేప్‌కి ఎనిమిదేళ్లు. పుట్టింది అమెరికాలోనే, అమ్మానాన్నలది చైనా. చైనా పిల్లలని స్ప్రింగ్ వ్యాలీ స్కూల్లో చేర్చుకోలేదు. వాళ్లు కోర్టుకెళ్లారు. 1885 మార్చిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో గెలిచారు కూడా!

మరి సీటొచ్చిందా? రాలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోర్టు బగ్ ఫిక్స్ చేస్తే వీళ్లు ఏకంగా రూల్‌నే మార్చేశారు. చైనా పిల్లలకి వేరే స్కూలు పెట్టుకోవచ్చని చట్టం తెచ్చి, మేమీని మళ్లీ వెనక్కి పంపేశారు.

అప్పుడు వాళ్లమ్మ మేరీ టేప్ స్కూల్ బోర్డుకి ఉత్తరం రాసింది. స్పెల్లింగులు తప్పు, గ్రామర్ తప్పు. కానీ కోపం మాత్రం సూటిగా ఉంది. చైనా వాళ్లకి పుట్టడం సిగ్గుచేటా అని నిలదీసింది. ఆ ఉత్తరం పేపర్లో వచ్చింది. అయినా మేమీ చివరికి చైనా పిల్లల స్కూలుకే వెళ్లాల్సి వచ్చింది.

నాకిక్కడ ఒకటే అనిపిస్తుంది. మేరీకి ఆ కాస్త ఇంగ్లీషైనా వచ్చు. అదీ రాని తల్లుల మాట ఎవరు విన్నారు?

1964 పౌర హక్కుల చట్టంతో దారి మారింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే స్కూళ్లు పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదు. 1974లో లౌ వర్సెస్ నికోల్స్ కేసు, అదీ శాన్‌ఫ్రాన్సిస్కోదే, అదీ చైనా పిల్లలదే. భాష రాని పిల్లలని అలా వదిలేయడం ఆ చట్టానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 2015లో కేంద్ర గైడెన్స్ ఇంకాస్త స్పష్టంగా చెప్పింది: తల్లిదండ్రులకి అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి, పిల్లల చేతే అనువాదం చేయించకూడదు. 2025లో ఆ గైడెన్స్‌ని వెనక్కి తీసుకున్నారు. 1964 చట్టం మాత్రం ఇంకా ఉంది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మన వాళ్లుంటే ఈ వీడియో పంపండి. పబ్లిక్ స్కూల్లో పిల్లాడి సీటు గురించి మాట్లాడేటప్పుడు "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని అడగడానికి మొహమాటం వద్దు. అది బతిమాలుకోవడం కాదు, హక్కు. ఉంటా మరి!