ఆడ తూనీగ ఆచూకీ

వరిచేలల్లో నలుపూ తెలుపూ రెక్కలతో తిరిగే తూనీగ శాస్త్రీయ నామంలో 'టూలియా' అన్న మాట ఉంది. రోమన్ వక్త సిసిరో కూతురి పేరది. చెరువుల దగ్గరి ఎర్ర తూనీగ 'సెర్విలియా', ఆకుపచ్చ మీద నల్ల చారలున్నది 'సబీనా'. ఇవీ రోమన్ స్త్రీల పేర్లే. 1773లో ఈ మూడింటికీ నామకరణం చేసిన డ్రూ డ్రూరీ లండన్‌లో వెండి వస్తువుల వ్యాపారి. దేశదేశాల నుంచి ఓడల్లో వచ్చే పురుగుల్ని సేకరించేవాడు. మన దేశపు తూనీగల నమోదు చరిత్రలో ఇలా ఆడపేర్లు తగులుతూనే ఉంటాయి. ఆడ తూనీగే అంత సులువుగా తగలదు.

సన్నగా ఉండి, వాలినప్పుడు చాలావరకు రెక్కలు ముడుచుకునేవాటిని ఇంగ్లీషులో 'డామ్‌సెల్' అన్నారు. అంటే కన్నెపిల్ల. బలంగా ఉండి రెక్కలు చాపి కూచునేవి 'డ్రాగన్'లు. ఈ కన్నెపిల్లల్లో మగవీ ఉంటాయి, అది వేరే సంగతి! తెలుగులో మాత్రం అన్నీ తూనీగలే.

ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు ఎఫ్.సి. ఫ్రేజర్ 1933, 1934, 1936లలో వెలువరించిన మూడు సంపుటాలు ఈ రంగంలో ఇప్పటికీ ఆధార గ్రంథాలు. కూర్గు, నీలగిరి వాగుల వెంట ఆయన చేసిన శ్రమని తక్కువ చేయలేం. కానీ సాహిత్య విద్యార్థి కళ్లతో చదివితే ఆ వర్ణనల్లో ఒక వరస కనిపిస్తుంది. ముందు మగది, తల నుంచి తోక కొస దాకా. తర్వాత ఆడది, ఎక్కువగా మగదానికి ఎక్కడ తేడాగా ఉందో అంతవరకే. కొన్ని జాతుల దగ్గర ఆడది ఇంకా తెలియదన్న మాటతో సరి.

దీన్ని పురుషాహంకారం అని ఒక్క మాటలో తేల్చేయలేం. చాలా జాతుల్లో మగవి నీటి ఒడ్డున తమ చోటు కాచుకుంటాయి. ఆడవి జత కట్టడానికో గుడ్లు పెట్టడానికో వచ్చి వెళ్లిపోతాయి, మిగతా కాలం పొదల్లో, చెట్లలో గడుపుతాయి. వల పట్టుకున్న మనిషి నిలబడేదీ నీటి ఒడ్డునే. పైగా జాతిని పోల్చుకోవడానికి ముఖ్యమైన గుర్తు మగదాని తోక చివరి కొండీలు. ఆడదాన్ని తల దగ్గరో మెడ దగ్గరో ఒడిసిపట్టేది వాటితోనే. మరోవైపు 'ఇష్నూరా సెనెగలెన్సిస్' లాంటి జాతుల్లో కొన్ని ఆడవి మగ రంగులోనే ఉంటాయి. మగవాటి వేధింపు తప్పించుకోడానికే అన్నది పరిశోధకుల వివరణల్లో ఒకటి.

2020లో భారత్‌తో సహా ఆరు దక్షిణాసియా దేశాలకు కలిపి వచ్చిన జాబితాలో 588 జాతులున్నాయి. అయితే గుడ్లు ఏ కాండంలో, ఏ బురదలో, ఏ చెట్టుతొర్ర నీళ్లలో పెట్టాలో తేల్చుకునేది ఆడది. మగది కనబడ్డ వాగు పేరు రాసుకుంటే జాబితా పెరుగుతుంది. ఆ వాగు పక్కన ఏది నరికేస్తే జాతి పోతుందో తెలియాలంటే ఆడదాని వెంట వెళ్లాలి.

ఇక వర్గీకరించే బల్ల దగ్గర ఆడవాళ్ల మాటేమిటి? మన దేశపు నమూనాలు ఎన్నో చేరిన లండన్ మ్యూజియంలో తూనీగల మీద ఏళ్లతరబడి పనిచేసింది సింథియా లాంగ్‌ఫీల్డ్. 1896లో పుట్టిన ఆమె 1924లో పసిఫిక్ యాత్రకి వెళ్లింది, ఆ తర్వాత ఆఫ్రికా తూనీగల్ని అధ్యయనం చేసింది. మ్యూజియంలో ఆమెకి జీతం లేదు. కలిగిన కుటుంబం కాబట్టి సాగింది. జీతం అవసరమైన ఆడవాళ్లకి ఆ తలుపు ఎంతవరకు తెరుచుకుని ఉండేది? రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె అగ్నిమాపక దళంలో చేరింది. 1941 బాంబుదాడుల్లో ఆ మ్యూజియం కాలిపోకుండా కాపాడినవాళ్లలో ఆమె కూడా ఉంది.