చెరువుకు ఆరు దోషాలు

రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు కట్టగూడదట! ఈ మాట అన్నది కృష్ణా జలాల ట్రిబ్యునల్ కాదు, 1369 నాటి శాసనం. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కడప సీమలోని పోరుమామిళ్లలో చెరువు కట్టించి, ఆ సంగతిని సంస్కృతంలో రాతిపలకల మీద చెక్కించాడు. కట్టించినవాడి పొగడ్త ఏ శాసనంలోనైనా ఉండేదే. ఇందులో మాత్రం చెరువు కుదరడానికి కావలసిన పన్నెండు అంగాలు, దాన్ని చెరిచే ఆరు దోషాలు వరసగా ఉన్నాయి. పర్యావరణ పాఠం మొదలుపెట్టే పిల్లలకు ముందు ఈ జాబితానే ఇవ్వాలని నాకు అనిపిస్తుంది.

కట్ట నుంచి నీరు ఊరడం మొదటి దోషం. నేల చవుడుగా ఉండటం రెండోది. మూడోది ఆ పొలిమేర తగాదా. చెరువు నడుమ దిబ్బ తేలడం నాలుగోది. నీళ్లు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం ఐదోది, నీళ్లు ఎక్కువై ఆయకట్టు చాలకపోవడం ఆరోది. చివరి రెండూ చూడండి: నీటికీ నేలకూ పొత్తు కుదరకపోతే కట్ట ఎంత గట్టిదైనా దండగేనని తేల్చేశారు. అంగాల్లోనూ అంతే. ధర్మాత్ముడైన రాజుతో పాటు జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యటి నీళ్ల ఏరు, రాతి గని, పనితనం ఎరిగిన కూలీల దండు కావాలన్నారు. మనిషినీ మన్నునూ ఒకే పట్టికలో కూర్చోబెట్టిన ఆ ధైర్యం నాకు నచ్చింది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాసిపెట్టారు.

తర్వాతి అయిదు వందల ఏళ్లను ఒక్క అంగలో దాటేద్దాం. 1866లో జర్మనీలో హెకెల్ ఆవరణ శాస్త్రానికి 'ఎకాలజీ' అన్న పేరు పెట్టాడు. 1887లో అమెరికాలో స్టీఫెన్ ఫోర్బ్స్ సరస్సు తనంతట తానే ఒక చిన్న లోకమని వ్యాసం చదివాడు. 1935లో టాన్‌స్లీ 'ఎకోసిస్టమ్' (ఆవరణ వ్యవస్థ) అన్న మాటను అచ్చువేయించాడు. 1942లో లిండెమన్ మిన్నెసోటాలోని ఒక బురద సరస్సులో శక్తి ఎవరి నుంచి ఎవరికి చేరుతోందో లెక్కగట్టాడు. పడమటి శాస్త్రం కూడా తన ఓనమాలు చాలావరకు నీటి ఒడ్డునే దిద్దుకుందన్నమాట.

పాత నల్లగొండ జిల్లాలోని తిరుమలగిరి వైపు ఎర్ర చెల్కల్లో ఆ ఒడ్డు కోసం ఎక్కడికో పోనక్కర లేదు. ఈ మెట్టసీమలో చెరువులు గొలుసుకట్టువి: పైచెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువు నిండాలి. నీళ్లలో నాచు, నాచు తినే నత్త, చేప, చేప కోసం కాచుకున్న కొంగ. నీళ్లు తగ్గితే బయటపడే శిఖం నేలలో పశువుల మేత, అక్కడే పడే పేడ. ఎండాకాలం పూడిక మట్టి బండ్లెక్కి చెల్కకు పోయేది. వానలకు కొట్టుకొచ్చిన సారం తిరిగి పొలం చేరేది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంత నీరు విడవాలో నీరటికాడు చూసుకునేవాడు. ఆవరణ వ్యవస్థ గురించి పుస్తకం చెప్పేది దాదాపు అంతా ఇందులో ఉంది.

ఆ తర్వాత మనం పూడిక తీయడం మానేసి బోర్ల మీద పడ్డాం. నల్లగొండ గ్రానైటు నేలల్లో లోతు నీళ్లు ఫ్లోరైడును మోసుకొచ్చాయి, మనుషుల ఎముకలను వంచాయి. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందిస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పడింది. జిల్లా పేరు ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన దారి అది. గర్వపడాలా, సిగ్గుపడాలా? నేనైతే రెండోదే అంటాను. 2015లో తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ నలభై ఆరువేల పైచిలుకు చెరువులను బాగుచేస్తామని బయల్దేరాక పూడిక మళ్లీ పొలాలకు కదిలింది, కానీ ట్రాక్టర్లలో వెళ్లిన ఆ మట్టి వెంట నీరటికాడి తెలివి వెళ్లలేదు.

అందుకని ఉపాధ్యాయులకు ఒక మనవి. 'ఆవరణ వ్యవస్థను నిర్వచించుము' అన్న ప్రశ్నకు ఎవరైనా పిల్లవాడు మత్తడి, శిఖం, పూడిక, తూము అని తన ఊరి చెరువును రాసిపెడితే, పుస్తకంలోని వాక్యం లేదని మార్కులు కోయకండి. అడగాలనుకుంటే, ఆరు దోషాల్లో ఆ చెరువుకు ఎన్ని ఉన్నాయో అడగండి. జవాబు కోసం వాడు కట్ట ఎక్కాల్సి వస్తుంది.