గిన్నె పట్టుకున్న రాతి మనిషి, కత్తి పట్టుకున్న మన వీరుడు

పోయిన సమావేశంలో ఒక తమ్ముడు ఒక మాట అడిగాడు. వాళ్ళ అత్తగారి ఊర్లో పొలం గట్టున కత్తి పట్టుకున్న బొమ్మరాయి ఉందట. "అన్నా, ఎండకీ వానకీ పాడైపోతోంది, మ్యూజియంకి ఇచ్చేద్దామా?" అన్నాడు. సరే అనేశాను. తొందరపడ్డానేమో అని ఇప్పుడు రాస్తున్నాను.

ముందు దూరదేశం సంగతి. మంగోలియా, కిర్గిజ్‌స్తాన్ గడ్డినేలల్లో 6 నుంచి 8వ శతాబ్దం దాకా తుర్కు తెగలవాళ్ళు చనిపోయినవాడి పేర రాతి మనిషిని నిలబెట్టేవాళ్ళు. కుడిచేతిలో గిన్నె, ఎడమచెయ్యి నడుముకత్తి మీద, మొహం తూర్పుకి. కొన్నిచోట్ల ముందర వరసగా చెక్కని రాళ్ళు పాతి ఉంటాయి. అవి అతను చంపిన శత్రువుల లెక్క అని కొందరు పండితుల మాట. కుల్ తెగిన్ అనే రాజకుమారుడికి అన్న బిల్గె కగాన్ 732లో శాసనం నిలిపాడు. 1958 తవ్వకంలో దొరికిన అతని రాతి తల ఇప్పుడు ఉలాన్‌బాతర్ మ్యూజియంలో ఉంది. కిర్గిజ్‌స్తాన్‌లో బురానా గోపురం పక్కన, చుట్టుపక్కల నుంచి తెచ్చిన రాతి మనుషులు గడ్డిలో గుంపుగా నిలబడి ఉంటారు. ఫోటోకి భలే ఉంటుంది. కానీ రాయి వచ్చింది, దాని ముందున్న వరస రాలేదు కదా!

ఆ కాలంలోనే మన పక్కన ఏం జరిగిందో చూడండి. తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూర్‌లో మహేంద్రవర్మ పల్లవుడి నాటి నడుకల్లు ఉంది. పశువుల కోసం పోరాడి పడిపోయిన వీరుడి పక్కన అతని కుక్కనీ చెక్కారు. దొంగల్ని కరిచి యజమానికి కాపలా నిలిచిందని, దాని పేరు కోవివన్ అని శాసనంలో రాశారు. కుక్కకి కూడా పేరు దక్కింది. మనలో ముత్తాత పేరు చెప్పగలిగేవాళ్ళు ఎందరు?

మ్యూజియం వద్దనడం లేదు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు లోయలోని శిల్పాలను కొండ మీదికి చేర్చకపోతే, ఇక్ష్వాకుల నాటి వీరుల ఛాయాస్తంభాలు నీళ్ళపాలయ్యేవి. ఆ తమ్ముడి అత్తగారి ఊర్లో డ్యామ్ ఏమీ రావడం లేదుగా!

కాబట్టి తమ్ముడూ, ముందు కదపకుండా నాలుగు వైపులా ఫోటోలు తియ్యి. మొహం ఏ దిక్కుకుందో, చుట్టూ ఏముందో రాసుకో. ఊరి ముసలమ్మలు దాన్ని ఏమని పిలుస్తారో, ఏ రోజు పసుపు రాస్తారో అడుగు. అక్షరాలుంటే సున్నం కొట్టనివ్వకు. ఆ తర్వాత తాసిల్దారుకు రాసిద్దాం. నేనూ వస్తాను, ఆదివారం అయితే మేలు.