మాబు అంటే ఎవరు?

మాబు, మాబుసాబ్, మాబువలీ, మాబుసుభానీ. ఆడపిల్లయితే మాబీ. మన ఖాందాన్లలో ఈ పేరు లేని ఇల్లు అరుదు. అయినా చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఈ పేరు చెప్పుకోడానికి షర్మిందా అవుతున్నారు. "ఇదేం పేరు భాయ్, పల్లెటూరి పేరు, మానీ కూడా లేదు" అని ఒక కుర్రాడు నాతోనే అన్నాడు. ఆఫీసులో వేరే పేరు చెప్పుకుంటున్నాడట.

మానీ ఉంది బేటా. మాబు అసలు రూపం మహ్‌బూబ్. అరబీలో హే, బే, బే అనే మూడు హర్ఫుల నుంచి పుట్టిన లఫ్జ్. హుబ్, ముహబ్బత్, హబీబ్, అహ్బాబ్ అన్నీ ఆ ఇంటి బిడ్డలే. ఉర్దూ బడిలో ఇస్మె ఫాయిల్, ఇస్మె మఫ్ఊల్ చదివినవాళ్లకు తేడా తెలుస్తుంది. ప్రేమించేవాడు ముహిబ్, ప్రేమించబడినవాడు మహ్‌బూబ్. మన్సూర్, మఖ్బూల్, మహ్మూద్ కూడా ఇదే వజన్‌లో ఉంటాయి. సాయం అందుకున్నవాడు, స్వీకరించబడినవాడు, పొగడబడినవాడు. ఇలాంటి పేర్లలో పని చేసేది అవతలివాళ్లు, ఫలం దక్కేది పేరున్నవాడికి. పుట్టిన బిడ్డకు ఇంతకన్నా మంచి దువా ఏముంటుంది?

అరబీలో హే మీద సుకూన్ ఉంటుంది, అంటే దానికి అచ్చు లేదు. తెలుగులో మహబూబ్ అని రాసేసరికి హకు అచ్చు చేరింది. కొందరు దాన్ని సంస్కృతం "మహా" అనుకోవడం నేను విన్నాను! నోటి మాటలో మాత్రం హ జారిపోయి మ దీర్ఘమయింది, చివరి బ్ కూడా పోయింది. సాహిబ్ సాబ్ అయిన దారి ఇదే. దీన్ని తప్పు పలకడం అనను, దక్కనీ నోటి నడక అంటాను.

ఇక ఈ పేరు మన పల్లెలదాకా ఎలా వచ్చింది? బాదుషాల వల్ల అనుకుంటారు చాలామంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదే పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. సరే, మరి నిజాం ఏలుబడిలో లేని గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇందరు మాబులు ఎక్కడినుంచి వచ్చారు?

జవాబు "సుభానీ"లో ఉంది. మహబూబె సుభానీ, అంటే అల్లాహ్‌కు ప్రియమైనవాడు, బాగ్దాద్‌లో 1166లో వఫాత్ అయిన షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ లఖబ్. ఏటా రబీఉస్సానీ 11న గ్యార్వీఁ చేసేది ఆయన పేరు మీదే. ఇప్పుడు మీ బంధువుల పేర్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఖాదర్, జీలానీ, గౌస్, మొహిద్దీన్, దస్తగిరి, మాబుసుభానీ. ఆరూ ఒకే బుజుర్గ్‌వి! జీలానీ ఆయన వతన్ గీలాన్ నుంచి వచ్చింది. దస్తగిరి మాత్రం ఫార్సీ మాట, చెయ్యి పట్టుకునేవాడని. పెద్దన్న ఖాదర్, చిన్నోడు దస్తగిరి అయితే ఇద్దరికీ ఒకే మనిషి పేరు పెట్టినట్టే. ఈ లఖబుల మీద మనలో ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ బహస్‌లోకి నేను వెళ్లను. కానీ అమ్మానాన్నలు ఏ అఖీదత్‌తో పెట్టారో బిడ్డకు తెలియాలి కదా.

ఢిల్లీలో 1325లో వఫాత్ అయిన నిజాముద్దీన్ ఔలియాను మహబూబె ఇలాహీ అంటారు. అదీ ఇదే మహ్‌బూబ్, కాకపోతే మన వైపు సుభానీయే ఎక్కువ పాతుకుంది. ప్రకాశం జిల్లా మూలాలున్న నాదస్వర విద్వాంసుడు షేక్ మహబూబ్ సుభానీ, ఆయన బేగం కాలీషాబీ 2020 పద్మశ్రీ జాబితాలో ఉన్నారు. గుడి ముంగిట త్యాగరాజ కీర్తన వాయించే కళాకారుడి పేరులో బాగ్దాద్ బుజుర్గ్ లఖబ్ ఉంది!

ఇక అసలు తక్లీఫ్ కాగితాలతో. బడి సర్టిఫికెట్లో మాబు, ఆధార్‌లో మహబూబ్, పాస్‌పోర్టులో మెహబూబ్. గల్ఫ్ వీసాకో హజ్ దరఖాస్తుకో వెళ్లినప్పుడు ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకోవాలి. ఇంట్లో మాబూ అని పిలవండి, హాయిగా పిలవండి. బడిలో చేర్చే రోజున మాత్రం జనన ధ్రువపత్రం పక్కన పెట్టుకుని, అందులో ఉన్న అక్షరాలే రాయించండి.